దుర్సున్ కొడుకును తవుడిచ్చి కొన్న వైనం

"అంకుల్, మీరు ఇన్నేళ్ళూ డెట్రాయిట్‌లో ఏం వర్క్ చేశారు?" అని మన కుర్ర ఇంజనీర్లు అడిగినప్పుడల్లా నాకు కాస్త ఇబ్బందిగా ఉంటుంది. మీలాగా క్లౌడ్ అనో, డేటా అనో గాల్లో తేలే మాట ఒకటి చెప్పగలిగితే బాగుండేది. నేను చేసింది కూర్చోబెట్టడం. ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల సీట్లు తయారుచేసే కంపెనీ ఒకటుండేది. అందులో పరీక్షల ల్యాబ్ నాది. మనిషి పిరుదుల ఆకారంలో ఒక బరువైన దిమ్మ, దాన్ని పట్టుకున్న ఒక ఇనుప చెయ్యి. అది సీటు మీద కూర్చుంటుంది, కాస్త మెలికలు తిరుగుతుంది, లేస్తుంది, మళ్ళీ కూర్చుంటుంది. ఒక మనిషి ఏళ్ళ తరబడి కారెక్కి దిగే పనంతా అది కొద్ది రోజుల్లో కానిచ్చేస్తుంది. గుడ్డ ఎక్కడ చిరిగింది, లోపలి స్పాంజి ఎక్కడ కుంగింది చూసి రిపోర్టు రాయడం నా ఉద్యోగం. ఎం.టెక్. చదివింది దీనికా అని మా మామగారు చివరిదాకా బాధపడ్డారు.

ఆ యంత్రానికి గంభీరమైన పేరేదో ఉంది గానీ ల్యాబ్‌లో అందరూ 'గ్రాండ్‌పా' అనేవారు. "గ్రాండ్‌పా కూర్చున్నాడా?" "లేదు, నడుం పట్టేసింది, ఆయిల్ వెయ్యాలి." మా ఆఫీసు మాటలు ఇలా ఉండేవి.

ఈ కథలో పెద్దవాళ్ళెవరి పేరూ చెప్పను. అందరూ బతికే ఉన్నారు, అందులో కొందరికి లాయర్లు తెలుసు. ఒక్క పేరు మాత్రం చెప్పక తప్పదు, ఎందుకంటే కథంతా ఆ పేరు వల్లే వచ్చింది. దుర్సున్. టర్కీలో నల్లసముద్రం పక్కన ఏదో కొండ ఊరివాడు. అక్కడే చదువుకుని, ఉద్యోగం మీద మిషిగన్ వచ్చి, మా ల్యాబ్‌లో చేరాడు. అతను వస్తున్నాడని ఈమెయిల్‌లో పేరు చూసినప్పుడు నా గుండె జారింది. మన భాషలో 'దుర్' అని మొదలైనవాడు ఎవడు బాగుపడ్డాడు చెప్పండి? దుర్యోధనుడా, దుర్వాసుడా? తీరా వచ్చిన మనిషిని చూస్తే చీమకు కూడా దారిచ్చే రకం. ముప్పై నాలుగైదేళ్ళుంటాయి. నన్ను 'అబీ' అనేవాడు. వాళ్ళ భాషలో అన్న.

అతనికి భయాలెక్కువ. "ఈ సీటు పాసయ్యేలా ఉంది" అని నేనంటే చాలు, ఒక చేత్తో చెవి తమ్మె లాక్కుని, ఇంకో చేతి వేళ్ళతో చెక్క బల్ల మీద టకటకా కొట్టేవాడు. దిష్టి తగలకుండానట. పని బాగా జరిగిన రోజున మా ల్యాబ్ వడ్రంగి దుకాణంలా మోగేది. మేనేజర్ మొదట్లో ఎవరో తలుపు కొడుతున్నారనుకుని "కమిన్" అనేవాడు.

నా పేరు కూడా చెప్పను గానీ, అందులో తవుడుంది. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. మిగతావాళ్ళకు కాసేపట్లో చెప్తాను. ఆఫీసులో మాత్రం నన్ను డేవిడ్ అనేవారు. అది నేను పెట్టుకున్న పేరు కాదు. చేరిన రోజున మేనేజర్ నా పేరుతో రెండుమూడుసార్లు కుస్తీ పట్టి, చివరికి డేవిడ్ దగ్గర చతికిలబడ్డాడు. నేనూ పోనీలే అనుకున్నాను.

కార్ల కంపెనీలు వరసగా కుదేలవుతున్న రోజులవి. ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు కాఫీ కప్పు, పిల్లల ఫొటోలు అట్టపెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయేవారు. మిగిలినవాళ్ళు డీలా పడకుండా ఏదో ఒకటి చెయ్యమని పైవాళ్ళు హెచ్.ఆర్. ఆవిడకు చెప్పారు. డబ్బులివ్వలేదు. అందుకని ఆవిడ పాట్‌లక్ పెట్టింది. ఎవరి వంట వాళ్ళు తెచ్చుకోవాలి, ఒక్కొక్కరూ లేచి తమ పేరు ఎక్కడిదో, దానికి అర్థమేమిటో చెప్పాలి.

మా మేనేజర్ ఆరడుగులు దాటిన మిషిగన్ మనిషి. తన పేరుకు ఎలుగుబంటి అంత బలవంతుడని అర్థమని చెప్పి, అంతటితో ఊరుకోక ఎలుగుబంటిలా అరిచి చూపించాడు. హైదరాబాద్ నుంచి హెచ్-వన్ మీద వచ్చిన కుర్రాడు తన పేరు విష్ణు సహస్రనామాల్లో ఉందని మొదలుపెట్టాడు. మిగతా తొమ్మిది వందల చిల్లర కూడా వినిపించేలా ఉంటే హెచ్.ఆర్. ఆవిడ ముందుగానే చప్పట్లు కొట్టి కూర్చోబెట్టింది. తరువాత దుర్సున్ లేచాడు.

"నా పేరుకి అర్థం 'ఉండిపోనీ'," అన్నాడు.

"ఇమ్మిగ్రేషన్ వాళ్ళు విన్నారా?" అన్నాడు మేనేజర్.

గది గొల్లుమంది. దుర్సున్ కూడా నవ్వాడు. నవ్వుతూనే బల్లని రెండుసార్లు కొట్టి కూర్చున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నోట్లో పులిహోర ముద్ద అలాగే ఉండిపోయింది. ఇలాంటి పేరు ఎలాంటి ఇంట్లో పెడతారో నాకు బాగా తెలుసు.

ఇంతలో నా వంతు వచ్చింది. డేవిడ్ అంటే ఏమిటో చెప్తాననుకున్నారు. నేను మాత్రం నా అసలు పేరు చెప్పి, "తవుడు అని అర్థం. బ్రాన్," అన్నాను. హెచ్.ఆర్. ఆవిడ మంచి మనిషి, ఎలాగో తేరుకుని, "ఓ, మఫిన్లలో వేస్తారే, అదా? హౌ హెల్దీ!" అంది. ఆ తరువాతి సోమవారం నా బల్ల మీద ఒక బ్రాన్ మఫిన్ ఉంది. మంగళవారం ఇంకొకటి. పెడుతున్నది ఆవిడేనని చాలాకాలానికి గానీ తెలియలేదు, అప్పటికి నాకు మఫిన్లు పడవని చెప్పడానికి మొహమాటం అడ్డొచ్చింది.

పాట్‌లక్ అయ్యాక దుర్సున్ నా క్యూబికల్‌కి వచ్చి, కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు.

"అబీ, నీకు ముందు ఎంతమంది పోయారు?"

ఇన్నేళ్ళ అమెరికాలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాడు లేడు. తవుడు అన్న మాట విని ఇంత నేరుగా అక్కడికి వచ్చినవాడు అసలే లేడు. "ముగ్గురు," అన్నాను. "నీకు?"

"ఇద్దరు అన్నలు. మూడోవాణ్ణి నేను. మా నాయనమ్మ పెట్టింది ఈ పేరు. వీడినైనా ఉండనీ అని."

దుర్ అంటే వాళ్ళ భాషలో ఆగు, నిలువు, ఉండు. దుర్సున్ అంటే ఉండుగాక, ఉండిపోనీ. ఇది పేరు కాదు, అర్జీ. పిల్లవాణ్ణి పిలిచిన ప్రతిసారీ ఆ అర్జీ మళ్ళీ పైకి వెళ్తుంది. పిల్లలు పుట్టి పోతున్న ఇళ్ళల్లో ఇలాంటి పేర్లు వరసగా ఉంటాయట. దుర్ముష్ అంటే ఉండిపోయాడు. యాషార్ అంటే బతుకుతాడు. "సతిల్మిష్ అని కూడా ఉంది అబీ, అంటే అమ్ముడుపోయాడు," అన్నాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఎందుకు లేచానో మీకు చెప్పాలి. మా వైపు పురిట్లో పిల్లలు పోతున్న తల్లికి మళ్ళీ బిడ్డ పుడితే, ఆ బిడ్డను చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెడతారు. పొరుగింటావిడ ఎవరో వచ్చి, ఎవరూ అక్కర్లేదని పారేసిన బిడ్డను ఏరుకున్నట్టు ఏరుకుంటుంది. అప్పుడు తల్లి వెళ్ళి దోసెడు తవుడిచ్చి ఆ బిడ్డను కొనుక్కుంటుంది. అలా కొన్నవాళ్ళే తవుళ్ళు, తవిటమ్మలు, పెంటయ్యలు. యముడికి కూడా సరుకు నాణ్యం చూసే అలవాటుందని మావాళ్ళ నమ్మకం. పెంట మీద దొరికి, తవుడుకి మారకమైనదాన్ని ఆయన ముట్టుకోడట. నన్ను ఏరుకున్న పొరుగింటావిడ బతికున్నంతకాలం నన్ను "నా గుంటడు" అనేది. గుంటడంటే మా వైపు పిల్లవాడు.

వాళ్ళ ఊళ్ళోనూ అంతే. బిడ్డను పొరుగువాళ్ళకు అమ్మేస్తారు, పరాయి బిడ్డ కాబట్టి మృత్యువు తన ఇల్లు కాదనుకుని వెళ్ళిపోతుంది. ఆ ఊరికీ మా ఊరికీ మధ్య ఎన్ని దేశాలున్నాయో మ్యాపులో చూసుకోండి. ఇంజనీర్లం ఇద్దరం కూర్చుని ఆ డిజైన్‌లో తేడాలేమిటో చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ తేడాల్లో ఒకటి మా కొంపలు ముంచబోతోందని అప్పుడు తట్టలేదు.

మాట్లాడుతూ మాట్లాడుతూ అతను గొంతు తగ్గించాడు. "నా భార్యకు ఆరో నెల. ల్యాబ్‌లో ఎవరికీ చెప్పలేదు." అంతకుముందు ఇద్దరు పోయారట. ఒక బిడ్డ కడుపులోనే, ఒక బిడ్డ పుట్టిన కొన్నాళ్ళకు. ఇప్పుడు ఇంట్లో యుద్ధం. అతని భార్య ఇస్తాంబుల్ అమ్మాయి, కెమిస్ట్రీ చదివింది, ఇక్కడ ఒక మందుల షాపులో పని చేస్తోంది. పుట్టేది మగపిల్లవాడని తెలిసింది. అతని తల్లి రోజూ ఫోన్ చేసి యాషార్ అని పెట్టండి, సతిల్మిష్ అని పెట్టండి అని పోరుతోంది. కోడలు ససేమిరా అంటోంది. "నా కొడుకు పుట్టినరోజు కేకు మీద 'చచ్చిపోకు' అని రాయించాలా?" అని అడిగిందట. ఆవిడ దెనిజ్ అనే పేరు అనుకుంటోంది. సముద్రం అని అర్థం. దానికి అత్తగారు, "ఆ రెండుసార్లూ అందమైన పేర్లే చూసుకున్నారు కదా," అందట. ఆ మాట తరువాత ఆ అమ్మాయి రెండు రోజులు అన్నం తినలేదు.

"అబీ, అమ్మ చెప్పేది నేను నమ్మను. కానీ నేను నమ్మనందువల్ల ఏమైనా అయితే?" అన్నాడు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే ఇంజనీరు ఇంకా పుట్టలేదు.

ఆ దిగులు పని మీద పడింది. ఒక కార్ల కంపెనీ నుంచి నలుగురు పెద్దమనుషులు కొత్త సీటు పరీక్ష చూడటానికి వచ్చారు. గ్రాండ్‌పాకి బరువు ఎంత పెట్టాలో దుర్సున్ కంప్యూటర్‌లో కొట్టాడు. పౌన్లలో వెయ్యాల్సింది, అలవాటు కొద్దీ అంకెను కిలోల్లో వేశాడు. గ్రాండ్‌పా రెండింతలకు పైగా బరువుతో వచ్చి కూర్చున్నాడు. కూర్చుని ఆగలేదు. గుడ్డ, స్పాంజి, స్ప్రింగులు చీల్చుకుంటూ ఆ పెద్దమనుషుల కళ్ళముందే నేల దాకా దిగిపోయాడు. మా మేనేజర్ గొంతు సవరించుకుని, "థాంక్స్‌గివింగ్ డిన్నర్ గట్టిగా తిన్నట్టున్నాడు," అన్నాడు. ఒక్కరు కూడా నవ్వలేదు. వాళ్ళు వెళ్ళాక దుర్సున్‌ని గదిలోకి పిలిచి, ఇంకోసారి ఇలా జరిగితే శుక్రవారం అట్టపెట్టె ఇవ్వాల్సి వస్తుందని మెల్లగా చెప్పాడట.

ఇంటికి వెళ్ళి అంతా మా ఆవిడకు చెప్పాను. మా ఆవిడది సోంపేట వైపు. డెంటిస్టు ఆఫీసులో అపాయింట్‌మెంట్లు చూసేది. ఆఫీసులో ఇంగ్లీషు, తెలుగు సంఘంలో పుస్తకం తెలుగు. కోపం వచ్చినా ఉత్సాహం వచ్చినా మాత్రం సోంపేటే. చపాతీ పిండి కలుపుతున్నదల్లా ఆగి నావంక చూసింది.

"పేరుదేటుందండీ? పని సేసింది పేరా, బేరమా? మీ అమ్మ మిమ్మల్ని కొనుక్కున్నాది కాబట్టి ఉన్నారు. పేరు ఆ తర్వాత తగులుకున్నాది. బేరం మనం సేసేద్దుం. పేరు ఆ పిల్లకి నచ్చింది ఎట్టుకోమనండి."

ఇంత తేలిక ఉపాయం మాకు తట్టనందుకు సిగ్గేసింది. దుర్సున్ తల్లిని అడిగాడు. ఆవిడ ఆలోచించి, కొనేవాళ్ళు పరాయివాళ్ళు కావాలి, హిందుస్తాన్ వాళ్ళయితే మరీ మంచిది, అంత దూరం ఎవరూ వెతుక్కుంటూ రారు, అందట. భార్య పగలబడి నవ్వి, "అమ్ముకోండి, పేరు మాత్రం నాది," అంది. అలా ఒప్పందం కుదిరింది.

ఇక తవుడు కావాలి. ఇండియన్ స్టోర్ అతన్ని అడిగితే, "మీ దగ్గర గేదె ఉందా అంకుల్?" అన్నాడు. అమెరికన్ కొట్లో దొరికింది, ఓట్స్ తవుడు. గుండె బొమ్మ వేసిన అందమైన డబ్బాలో, విటమిన్ మాత్రల పక్కన. మా ఆవిడ ధర చూసి, "మా ఊళ్ళో గేదెలు తినీది ఇక్కడ డాక్టర్లు తింటన్నారా!" అని ముక్కున వేలేసుకుంది. తవుడు తవుడే అని తీర్మానించి ఒక డబ్బా కొన్నాం.

పిల్లవాడు జనవరిలో పుట్టాడు. తల్లీబిడ్డా ఇంటికొచ్చాక ఒక శనివారం మధ్యాహ్నం మా ఆవిడ ఇండియా నుంచి తెచ్చుకున్న చేట, తవుడు డబ్బా పట్టుకుని వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాం. టర్కీలో ఉన్న పిల్లవాడి నాయనమ్మ కంప్యూటర్లో వీడియో కాల్ మీద, తలకు గుడ్డ కట్టుకుని, గట్టు మీద కూర్చున్న పెద్దమనిషిలా సిద్ధంగా ఉంది. మొదటి సమస్య పెంటకుప్ప. అపార్ట్‌మెంట్ వెనుక పెద్ద చెత్త డబ్బా ఉంది గానీ బయట మోకాలి లోతు మంచు. పైగా ఈ దేశంలో పసిబిడ్డను చెత్త దగ్గర పెడితే ముందు యముడు కాదు, పోలీసులు వస్తారు. వంటింట్లోనే కానిద్దామన్నాం. అక్కడ రెండు డబ్బాలున్నాయి. ఒకటి మామూలు చెత్త, ఒకటి రీసైక్లింగ్.

"రీసైక్లింగ్ చెత్త కిందికి రాదు అబ్లా," అన్నాడు దుర్సున్. అబ్లా అంటే అక్క. "అది మళ్ళీ తిరిగొస్తుంది."

"తిరిగి రావడమే కదా మనకి కావాల్సింది?" అంది మా ఆవిడ. పాల డబ్బాలు, పాత పేపర్ల మధ్య చేట పెట్టి, చేటలో బిడ్డను పడుకోబెట్టారు.

సరిగ్గా అప్పుడు తలుపు చప్పుడైంది. మా మేనేజర్. దుర్సున్‌ని ఊరికే భయపెట్టాననుకున్నాడో ఏమో, బిడ్డ పుట్టాడని విని పసిపిల్లల కారు సీటు బహుమతిగా మోసుకొచ్చాడు. వచ్చి చూస్తే రీసైక్లింగ్ డబ్బాలో బిడ్డ. ఆ మనిషి ముఖం అలా తెల్లబోవడం నేను గ్రాండ్‌పా దిగబడిన రోజున కూడా చూడలేదు. నేను గబగబా అంతా వివరించాను. ఇద్దరు బిడ్డలు పోయిన సంగతి వినగానే ఆయన టోపీ తీసేశాడు. "నేను ఎక్కడ నిలబడాలి?" అని మాత్రం అడిగాడు.

మా ఆవిడ వంగి బిడ్డను ఎత్తుకుంది. మా పద్ధతి ప్రకారం ఇప్పుడు తల్లి ముందుకొచ్చి, తవుడిచ్చి కొనుక్కోవాలి. ఆ తవుడు డబ్బా మా ఆవిడ పక్కనే బల్ల మీద ఉంది. ఇంతలో కంప్యూటర్లోంచి నాయనమ్మ, "పరా! పరా!" అని కేకలు పెట్టింది. ధర ఏదీ, ధర తీసుకోండి అని. దుర్సున్ చెయ్యి చాచాడు. మా ఆవిడ ఆ కంగారులో బిడ్డను భుజాన వేసుకుని దోసెడు తవుడు తీసి అతని చేతుల్లో పోసింది. నాయనమ్మ చప్పట్లు కొట్టింది, మేనేజర్ ఈల వేశాడు, బిడ్డను ఎవరో ఉయ్యాల్లో పడుకోబెట్టారు, అందరం వాళ్ళ బక్లావా మిఠాయి, మా గారెలు తిన్నాం. చాలా బాగా జరిగిందనుకుంటూ కారెక్కాం.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మా ఆవిడ ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"ఏటండీ, తవుడు మనమే ఇచ్చేసినాం కదా?"

"అవును."

"తీసుకున్నది ఆళ్ళు కదా? మరి గుంటడెవరిది?"

పచ్చ లైటు పడింది, వెనక కార్లు హారన్లు కొట్టాయి, నేను కదల్లేదు. మా ఊళ్ళో తవుడిచ్చేది తల్లి, తిరిగి కొనుక్కోడానికి. వాళ్ళ ఊళ్ళో ధర ఇచ్చేది పరాయివాళ్ళు, బిడ్డను తీసుకోడానికి. రెండు ఊళ్ళ పద్ధతులూ కలిపి వండేసరికి బిడ్డ మాకు అమ్ముడైపోయాడు. తిరిగి కొనడం జరగనే లేదు. ఇంటికి రాగానే ఫోన్ చేసి, రేపే వచ్చి కొనుక్కోమన్నాను. దుర్సున్ తల్లిని అడిగి చెప్పాడు: తొందరేమీ లేదు, భయం తీరినప్పుడు కొనుక్కోవచ్చు, అప్పటిదాకా మీ బిడ్డగానే ఉండనీ. వెనకనుంచి అతని భార్య, "డైపర్లు కూడా వాళ్ళనే కొనమను!" అని నవ్వుతోంది. సన్నీవేల్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి చెప్తే, "మమ్మీ, యూ గైస్ బేబీని కొన్నారా? ప్లీజ్, ఎవరికీ చెప్పొద్దు," అంది.

పిల్లవాడికి సర్టిఫికెట్‌లో దెనిజ్ అనే రాయించారు. కోడలూ గెలిచింది, అత్తగారూ గెలిచింది. దుర్సున్ పౌన్లు పౌన్లుగా, కిలోలు కిలోలుగా వెయ్యడం మొదలుపెట్టాడు. ఇక్కడితో అయిపోయిందనుకున్నాను.

వేసవి రాకముందే ఒక రోజు మధ్యాహ్నం మా ఆవిడకు దుర్సున్ భార్య నుంచి ఫోన్ వచ్చింది. "అబ్లా, మీ అబ్బాయికి జ్వరం. వచ్చి చూసుకోండి." వేళాకోళమనుకుని మా ఆవిడ నవ్వబోయింది. అవతలి గొంతు విని ఆగిపోయింది. నేనూ దుర్సునూ ల్యాబ్ నుంచి, తను డెంటిస్టు ఆఫీసు నుంచి ఆస్పత్రికి పరుగెత్తాం.

అక్కడ చూసింది నేను మరిచిపోలేను. ఆ కెమిస్ట్రీ చదివిన అమ్మాయి, అన్నీ చూసి నవ్విన అమ్మాయి, మంచానికి దూరంగా గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. బిడ్డను ముట్టుకోవడం లేదు. నర్సు వచ్చి, "ఈ బాబు మామ్ ఎవరు?" అని అడిగింది. ఆ అమ్మాయి వేలు చూపించింది. మా ఆవిడ వైపు.

మా ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ముందుకెళ్ళి మంచం పట్టుకుని, "నేనే. తవుడిచ్చి కొనుక్కున్నాను. నా గుంటడికేటీ అవదు," అంది, గదిలో ఉన్న నర్సుకీ, లేని యముడికీ ఇద్దరికీ వినపడేలా. నర్సు నావైపు తిరిగి, "అది స్పానిషా?" అని అడిగింది. సంతకం ఎవరు పెట్టాలన్నదాని మీద కాసేపు గందరగోళం జరిగింది, దుర్సున్ పెట్టాడు. అతను కొట్టడానికి ఆ గదిలో చెక్క కోసం వెతుకుతున్నాడు. అంతా ప్లాస్టిక్కూ ఇనుమే. చివరికి నా తల మీద రెండుసార్లు తట్టాడు. నేనేమీ అనుకోలేదు. సాయంత్రానికి జ్వరం దిగింది. చెవిలో ఇన్ఫెక్షన్, అంతే.

ఆ తరువాత ఆ అమ్మాయి తిరిగి కొనుక్కునే మాట ఎత్తలేదు. మేమూ అడగలేదు. పిల్లవాణ్ణి 'కుజూ' అనేది, వాళ్ళ భాషలో గొర్రెపిల్ల. ఊళ్ళోవాళ్ళు ఎవరైనా ముద్దుగా ఉన్నాడంటే, "మావాడు కాదు, వాళ్ళవాడు," అని మమ్మల్ని చూపించేది. వాడు టీవీ పగలగొడితే దుర్సున్ ఫోన్ చేసి, "అబీ, నీ కొడుకు ఏం చేశాడో వచ్చి చూడు," అనేవాడు. వాడికి పప్పన్నం మా ఇంట్లోనే అలవాటైంది. మా ఆవిడ దగ్గర తెలుగు కూడా నేర్చాడు. వాడి తెలుగు సోంపేట తెలుగే.

నేను రిటైరైన ఏడాది ఆగస్టులో, వాడు కిండర్‌గార్టెన్‌లో చేరబోయే ముందు శనివారం, ఆ అమ్మాయి వాణ్ణి తీసుకుని వచ్చింది. వాడు తిన్నగా పెరట్లోకి పరుగెత్తాడు. ఆవిడ సంచిలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. తవుడు. ఇండియన్ స్టోర్ అతనికి చెప్పి ప్రత్యేకంగా తెప్పించిందట.

"కొనుక్కోడానికి వచ్చాను అబ్లా."

మా ఆవిడ పొట్లం విప్పి, వేళ్ళతో నలిపి చూసి, పెదవి విరిచింది. "ఇది అప్పటి ధర. అప్పుడు పళ్ళు లేవు, మాటల్లేవు. ఇప్పుడు అన్నీ వచ్చాయి. ఎంత పప్పు తిన్నాడో తెలుసా? ఈ ధరకి కుదరదు."

ఆ అమ్మాయి నవ్వి ఇంకో పొట్లం తీసింది. మా ఆవిడ అదీ తోసేసింది. నాకు తెలుసు, అది బేరం కాదు. మా ఆవిడకు ఇవ్వబుద్ధి కావడం లేదు. "ఇంకో ఏడాది ఉంచు. ఇప్పుడేం తొందర?" అంది చివరికి, ఎటో చూస్తూ.

ఆ అమ్మాయి నవ్వడం ఆపేసింది.

"అబ్లా, నేను వాణ్ణి ఇంతవరకు ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. పేరు నేనే పెట్టాను, కానీ పైకి అనడానికి భయమేసేది. సోమవారం నుంచి ప్రపంచమంతా పిలుస్తుంది. ముందు నేను పిలవాలి. ఇప్పుడు నాకు భయం లేదు."

మా ఆవిడ రెండు పొట్లాల్లో మొదటిదే తీసుకుని కొంగులో వేసుకుంది, రెండోది తిరిగిచ్చేసింది.

ఆ అమ్మాయి పెరటి తలుపు తీసి, గడప మీద నిలబడి, ఇంటి చుట్టుపక్కల వాళ్ళందరికీ వినపడేంత గట్టిగా "దెనిజ్!" అని పిలిచింది. కంచె దగ్గర ఆడుకుంటున్న పిల్లవాడు తలెత్తాడు గానీ కదల్లేదు. ఆ గొంతులో ఆ పేరు వాడు ఎన్నడూ విని ఉండలేదు. ఏం చెయ్యాలో తెలియక మా ఆవిడ ముఖంలోకి చూశాడు.

"ఎల్రా," అంది మా ఆవిడ, కొంగు గట్టిగా పట్టుకుని. "మీ అమ్మ పిలుస్తన్నాది."